కోల్డ్ స్టోరేజీకి 300 కిలోవాట్ల సోలార్: బిల్లు ఎంత తగ్గుతుంది? కరెంటు పోతే నడుస్తుందా?

గుంటూరు_మిర్చి
అందరికీ నమస్కారం. గుంటూరు పక్కన మాది మిర్చి కోల్డ్ స్టోరేజీ. 11 కేవీ హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు, కాంట్రాక్టు డిమాండు, అంటే లైన్ నుంచి ఒకేసారి తీసుకుంటామని రాసుకున్న గరిష్ఠ లోడు, 500 కేవీఏ. అమ్మోనియా కంప్రెసర్లన్నీ నడిస్తే లోడు 400 కిలోవాట్ల దాకా వెళ్తుంది. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు కరెంటు కోసి పవర్ హాలిడే పెట్టినప్పటి నుంచి సొంత కరెంటు ఆలోచన ఉంది. ఇప్పుడొక కంపెనీవాళ్లు షెడ్డు మీద 300 కిలోవాట్లు వేస్తామంటున్నారు. బిల్లు సగానికి సగం తగ్గుతుందట, జనరేటర్ కూడా అక్కర్లేదట. వేయించినవాళ్లు కాస్త చెప్పండి.

ప్లాంట్_ఎలక్ట్రికల్
సగం తగ్గదు సార్. మన దగ్గర కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకోండి, 300కి 1,200 యూనిట్లు. సీజన్‌లో మీ లోడు రోజంతా సగటున 200 కిలోవాట్లు ఉన్నా 4,800 యూనిట్లు కాలుతుంది. అంటే పావు వంతు. యూనిట్లతో సంబంధం లేకుండా కేవీఏ మీద వేసే డిమాండ్ ఛార్జీ అయితే ఎక్కడికీ పోదు. కాంట్రాక్టు డిమాండులో 80 శాతానికి ఎలాగూ బిల్లు పడుతుంది, పైగా సాయంత్రం కంప్రెసర్లన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు ఎండ ఉండదు కదా.

చీమకుర్తి_గ్రానైట్
జనరేటర్ అక్కర్లేదన్న మాట మాత్రం అస్సలు నమ్మొద్దు అన్నా. లైన్ కరెంటు పోగానే సోలార్ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టర్లు వాటంతట అవే ఆగిపోతాయి. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదని అలా పెట్టారు. నడినెత్తిన ఎండ ఉన్నా మీకు ఒక్క యూనిట్ రాదు. జనరేటర్ స్టార్ట్ చేసి, సోలార్‌ను దానితో సింక్ చేసే (జత కలిపే) కంట్రోలర్ ఉంటేనే రెండూ కలిసి నడుస్తాయి.

అది కూడా సరిగ్గా సెట్ చేయించాలి. లోడు 350 ఉంది, సోలార్ 300 ఇస్తోంది అనుకోండి. జనరేటర్ మీద మిగిలేది 50. నాలుగొందల కిలోవాట్ల సెట్టు 50 మీద గంటలకొద్దీ నడిస్తే డీజిల్ పూర్తిగా మండదు, సైలెన్సర్ నుంచి నల్లటి నూనె కారుతుంది. కనీసం 30 శాతం, అంటే 120 దాని మీద ఉండేలా కంట్రోలర్ సోలార్‌ను 230కి తగ్గించాలి. మా దగ్గర మొదట అది లేకుండానే అప్పగించారు. కటింగ్ మెషీన్ ఒకటి ఆపగానే కరెంటు జనరేటర్‌లోకి ఎదురు వెళ్తే దాన్ని ఆపేసే రివర్స్ పవర్ రిలే కొట్టేసి యూనిట్ మొత్తం ఆగిపోయేది.

ప్లాంట్_ఎలక్ట్రికల్
ఇంకోటి, అందరూ వదిలేసేది. మన హెచ్‌టీ బిల్లు కిలోవాట్ గంటల మీద కాదు, రియాక్టివ్ కూడా కలిసే కేవీఏహెచ్ మీద. మామూలుగా సోలార్ ఇచ్చేది కిలోవాట్లే, మోటార్లలో అయస్కాంత క్షేత్రానికి కావలసిన రియాక్టివ్ మాత్రం లైన్ నుంచే లాగుతారు. లెక్క చూడండి. 400 కిలోవాట్లు, పవర్ ఫ్యాక్టర్ (కిలోవాట్లను కేవీఏతో భాగిస్తే వచ్చేది) 0.90 ఉంటే ఇప్పుడు 444 కేవీఏ. రియాక్టివ్ 194. సోలార్ 300 ఇస్తే లైన్ నుంచి కిలోవాట్లు 100, రియాక్టివ్ అదే 194. ఇవి మామూలుగా కూడకూడదు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి, మొత్తం 218 కేవీఏ. మీటర్ మీద పవర్ ఫ్యాక్టర్ 0.46! మీరు 300 తగ్గిందనుకుంటారు, బిల్లులో తగ్గేది 226 కేవీఏ. ఫ్యాక్టర్ ముందే 0.98 ఉంటే ఈ 74 నష్టం 20 దగ్గర ఆగుతుంది. కాబట్టి ముందు ఆ రియాక్టివ్‌ను మీ దగ్గరే ఇచ్చే కెపాసిటర్ ప్యానెల్ చూపించుకోండి. దానికి కరెంటు కొలిచి చెప్పే సీటీ మెయిన్ ఇన్‌కమర్ (లైన్ లోపలికి వచ్చే చోటు) మీద, సోలార్ కలిసే చోటుకు లైన్ వైపు ఉండాలి. ఇన్వర్టర్ నుంచే కొంత రియాక్టివ్ ఇప్పించవచ్చు, ఆ సెట్టింగ్ చేసి ఇస్తామని కొటేషన్‌లో రాయించుకోండి.

మిర్యాలగూడ_బాయిల్డ్
మాది రైస్ మిల్లు. ఊక బాయిలర్ ఎలాగూ ఉంది, ఆవిరి బాయిల్డ్ రైస్‌కే కావాలి. అందుకే కరెంటుకు షెడ్డు మీద సోలార్ వేశాం. ఊక బూడిద, తవుడు దుమ్ము పలకల మీద పొరలా పేరుకుంటుంది. నీళ్ల పైపు, నడవడానికి దారి వేయకపోతే కడిగేవాడు పైకి ఎక్కనంటాడు. మీ షెడ్డు పాత సిమెంటు రేకులైతే కింద ఉన్న స్ట్రక్చర్‌ను ఇంజినీరుకు చూపించండి. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు కావాలి, అంటే మీకు 30,000.

గుంటూరు_మిర్చి
రేకులు పాతవే అన్నా, చూపిస్తాను. బ్యాటరీ పెడితే సాయంత్రం పీక్ తప్పుతుందా?

ఐస్‌ప్లాంట్_భీమవరం
మీకు బ్యాటరీ ఎందుకండీ, గదుల్లో ఉన్న సరుకే చలిని పట్టి ఉంచుతుంది. మధ్యాహ్నం ఎండ బాగా ఉన్నప్పుడు కంప్రెసర్లన్నీ నడిపి గదిని సెట్ పాయింట్ (మామూలుగా ఉంచే ఉష్ణోగ్రత) కంటే ఒకటి రెండు డిగ్రీలు కిందకు దించండి. సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా యూనిట్ రేటు ఎక్కువుండే పీక్ వేళ తలుపులు తీయకుండా కంప్రెసర్లు తగ్గించండి. తలుపు రబ్బరు సీలు, గోడ ఇన్సులేషన్ బాగుంటేనే ఇది కుదురుతుంది. కొత్తగా సరుకు దించే రోజుల్లో మాత్రం ప్రయత్నించకండి, వేడి బస్తాలు లోపలికి వస్తాయి. నా మటుకు ముందు ఖర్చు పెట్టాల్సింది తలుపుల మీదే.

చీమకుర్తి_గ్రానైట్
పెట్టుబడి వాళ్లదే, మీరు యూనిట్‌కు కడితే చాలంటే అగ్రిమెంట్ నిదానంగా చదవండి. సొంత వాడకపు ప్లాంటు అనిపించుకోవాలంటే 2005 విద్యుత్ నిబంధనల ప్రకారం వాడేవాళ్లకు కనీసం 26 శాతం వాటా ఉండాలి, ఏడాదిలో తయారైన కరెంటులో 51 శాతమైనా వాళ్లే వాడాలి. లేదంటే బయటి కరెంటు కొన్నారని వేసే అదనపు ఛార్జీ, క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ గొడవ రావచ్చు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి ఎవరు తేవాలో కూడా అందులోనే రాయించండి.

గుంటూరు_మిర్చి
చాలా థ్యాంక్స్ అందరికీ. రేపు కెపాసిటర్ ప్యానెల్ సీటీ ఎక్కడుందో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, పగటి లోడు రీడింగులు ఇక్కడే పెడతాను. ప్లాంట్ సార్, చూసి చెప్పండి.