గట్టు మీద గిజిగాడి గూళ్లు: చెట్లు కొట్టాలా, ఉంచాలా?

నల్లరేగడి:
మాకు రెండున్నర ఎకరాలుంది, ఈసారి ఒకటిన్నరలో జొన్న వేశాం. బావి మీదికి వంగిన మూడు తుమ్మచెట్ల నిండా గిజిగాడి గూళ్లు, లెక్కపెడితే 34 వచ్చాయి. పక్క పొలం బాబాయేమో "కంకి పాలు పోసుకునేలోపు ఆ చెట్లు కొట్టించెయ్, లేకపోతే నీకూ నాకూ గింజ మిగలదు" అంటున్నాడు. మా చెల్లి ఒప్పుకోవట్లేదు. చెరువు కట్ట మీది తాటిచెట్లు పోయాక అక్కడి గూళ్లు కూడా పోయాయి, ఊళ్లో మిగిలినవి ఇవే అంటోంది. ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో చూస్తే ఈ పిట్టకు ముప్పు లేదనే ఉంది. మరి కొట్టేస్తే తప్పేంటి? సూటిగా చెప్పండి.

మంచెకాడ:
తమ్ముడూ, నేను జొన్న వేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా. గింజ పాలు పట్టే రెండు మూడు వారాలు తెల్లారుజామున మంచె ఎక్కి, వడిసెల పట్టుకుని, గొంతు పోయేలా అరిచినవాడికే తెలుస్తుంది ఈ బాధ. మా వైపు జొన్న మానేసినవాళ్లలో సగం మంది పిట్టల కాపలాకు మనిషి దొరక్కే మానేశారు. నీది ఒకటిన్నర ఎకరం, చుట్టుపక్కల అంతా పత్తి అయితే పిట్టలన్నీ నీ చేలోనే వాలతాయి. పిట్ట మీద ప్రేమ అందరికీ ఉంటుంది, నష్టం మాత్రం ఒక్కడే మోస్తాడు.

తాటాకు:
మంచెకాడ అన్నా, కాపలా బాధ నిజం, కాదనను. కానీ 34 గూళ్లంటే 34 కాపురాలు అనుకోవద్దు. గూడు అల్లేది మగపక్షి. సగం అల్లి, టోపీ బోర్లించినట్టు ఉన్నప్పుడు ఆపేస్తాడు, ఆడపక్షి వచ్చి చూసుకుంటుంది, నచ్చితేనే కింది గొట్టం పూర్తవుతుంది, నచ్చకపోతే ఆ గూడు అలాగే వేలాడుతుంది. ఒకామె కుదురుకున్నాక అదే మగపక్షి పక్కన ఇంకో గూడు మొదలుపెడతాడు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930లో మహారాష్ట్రలోని అలీబాగ్ దగ్గర కిహీంలో కూర్చుని రోజుల తరబడి గమనించి ఈ సంగతి తేల్చాడు. అంటే కిందనుంచి కనిపించే గూళ్లలో చాలావాటిలో గుడ్లే ఉండవు. (మిణుగురుల్ని తెచ్చి గూట్లో దీపం పెట్టుకుంటాడని మా నాయనమ్మ చెప్పేది. మిణుగురుల మాటేమో గానీ, లోపల తడిమట్టి మెత్తడం మాత్రం నిజం.)

ఇంకోటి, పిల్లలకు ఎక్కువగా పెట్టేది పురుగుల్ని. వానాకాలంలో గుడ్లు పెట్టి, రెండు వారాలు పొదిగి, ఇంకో రెండు వారాలకు పైగా పిల్లల్ని మేపుతాయి. ఆ రోజుల్లో నీ చేలో ఇంకా కంకి ఉండదు, పురుగే ఉంటుంది. గింజ మీద పడేది తర్వాత, పిల్లలు ఎగిరి గుంపులు కట్టాక. ఆ గుంపులు నీ తుమ్మచెట్లవే అయి ఉండక్కర్లేదు, కిలోమీటర్ల దూరం నుంచీ వస్తాయి. చెట్టు కొడితే పురుగు తినే పిట్ట పోతుంది, గింజ తినే గుంపు వస్తూనే ఉంటుంది.

మంచెకాడ:
పురుగు సంగతి ఒప్పుకుంటా, మా చేలో నేనూ చూశా. కానీ గూళ్లు ఇంత దగ్గరుంటే గుంపు ముందు ఇక్కడే దిగుతుంది కదా? పైగా ముప్పు లేదని పెద్ద సంస్థే చెప్తుంటే చిన్న రైతును దోషిని చేయడం నాకు నచ్చదు.

లెక్కలపుస్తకం:
ఆ 'ముప్పు లేదు' అన్న మాట దగ్గరే అందరూ పొరబడుతున్నారు. ఆ ముద్ర మీ మండలానికి వేసింది కాదు. పాకిస్తాన్ నుంచి ఇండోనేషియా దాకా ఉన్న మొత్తం జాతిని కలిపి చూసి వేసింది. పదేళ్లలోనో మూడు తరాల్లోనో 30 శాతం తగ్గితే గానీ తగ్గుదల లెక్కన ముప్పు వరుసలోకి రాదు. ఈలోపు ఒక ఊళ్లో, ఒక తాలూకాలో పూర్తిగా పోయినా ఆ జాబితాలో ఒక్క అక్షరం మారదు.

ఎక్కువగా ఉన్న పిట్టకు ఏమీ కాదు అనేవాళ్లు పసుపు రొమ్ము బంటింగ్ అనే చిన్న పిట్ట కథ తెలుసుకోవాలి. ఉత్తర ఐరోపా నుంచి జపాన్ దాకా కోట్లలో ఉండేది, చలికాలం ఆసియా వరిపొలాల్లో దిగేది. చైనాలో వలలు వేసి తినడానికి పట్టారు. 2004 దాకా అదీ 'ముప్పు లేదు' వరుసలోనే ఉంది. 2017కల్లా తుడిచిపెట్టుకుపోయే ప్రమాదంలో ఉన్న వరుసకు చేరింది. 13 ఏళ్లే పట్టింది. అంతదాకా ఎందుకు, మన గిజిగాడి దగ్గరి చుట్టం, ఫిన్ గిజిగాడు, ఉత్తరాఖండ్, అస్సాం పచ్చికబయళ్లలో ఉండేది, 2021లో అంతరించే ప్రమాదమున్న జాబితాలో పడింది. మన దేశపు పక్షుల మీద 2023లో వచ్చిన నివేదిక 942 జాతుల్ని పరిశీలించి, వాటిలో 178కి తక్షణ శ్రద్ధ కావాలంది. తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట స్థాయిని మళ్లీ పరిశీలించమని ఐయూసీఎన్‌ను కోరింది కూడా ఆ నివేదికే.

నల్లరేగడి:
లెక్కలపుస్తకం గారూ, మరి తగ్గడానికి కారణం రైతు చెట్టు కొట్టడమేనా? మా ఊళ్లో తాటిచెట్లు కొట్టింది రోడ్డు కోసం, రైతులు కాదు.

లెక్కలపుస్తకం:
ఒక్క చెట్టే కారణం అనను. ఐరోపాలో 1980 నుంచి 2016 దాకా లెక్కలు తీస్తే పొలాల పక్షులు సగానికి పైగా తగ్గాయి, అన్నిటికంటే పెద్ద కారణం పురుగుమందులు, ఎరువులతో చేసే ముమ్మర సాగు అని 2023లో తేల్చారు. కెనడాలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందును కొద్ది మోతాదులో తిన్న ఒక రకం వలస పిచ్చుకలు (మన ఊరపిచ్చుకలు కావు) బరువు తగ్గి, వలస ప్రయాణంలో మూడున్నర రోజులు ఆలస్యమయ్యాయి. అదే మందును మన దగ్గర విత్తనశుద్ధికి వాడతారు. విత్తిన గింజ మట్టిపైన మిగిలితే ఏరుకు తినేది ఇలాంటి పిట్టలే.

మంచెకాడ:
మందు లేకుండా పత్తి పండించి చూపించమనండి, అప్పుడు మాట్లాడదాం. సరే, విత్తనం పైన తేలకుండా మట్టి కప్పమంటే అది మాత్రం చేయగలం, ఖర్చేమీ లేదు.

తాటాకు:
నల్లరేగడి గారూ, గూళ్లలో గుడ్లు గానీ పిల్లలు గానీ ఉండగా చెట్టు ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి చట్టంలో గుడ్లు పాడుచేయడం, గూళ్లు కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి. పాలకంకి రోజుల్లో ఎరుపు, తెలుపు మెరిసే రిబ్బన్లు కర్రలకు మెలితిప్పి, ఉత్తరం నుంచి దక్షిణానికి వరసలుగా కట్టండి. ఎండకు మెరిసి, గాలికి మోగి పిట్టల్ని తరుముతాయి. మరీ ముందుగా కడితే అలవాటు పడిపోతాయి. వల మాత్రం వద్దు, చిక్కుకున్నది రాత్రంతా కొట్టుకుని చస్తుంది.

నల్లరేగడి:
ఇవాళ పొద్దున్న చెల్లీ నేనూ వెళ్లి మళ్లీ చూశాం. 34లో కింద గొట్టం పూర్తయినవి 13 ఉన్నాయి. ఒక ఆడపిట్ట నోట్లో పచ్చపురుగు పట్టుకుని దూరడం కళ్లారా చూశాం. చెట్లు ఉంచేస్తున్నా. బాబాయ్ పొలం వైపు గట్టుకు కూడా నా ఖర్చుతోనే రిబ్బన్ కడతానని చెప్పా, ఇంకా మొహం ముడుచుకునే ఉన్నాడు. మంచెకాడ అన్నా, పాలు పట్టే వారాల్లో రోజుకు ఎన్ని గంటలు మనిషి ఉంటే చాలు? పొద్దున్నా సాయంత్రం నేను ఉండగలను, మధ్యాహ్నం ఎవరూ లేరు.

మంచెకాడ:
పొద్దున్నా సాయంత్రమే ముఖ్యం తమ్ముడూ, నడి ఎండలో అవి నీడ పట్టుకుంటాయి. తెల్లవారకముందే చేలో ఉండు.