రైసినా కొండ మీద కొత్త జాతీయ మ్యూజియం: అందులో ఏముండాలి, ఎవరి కోసం?

బడిపంతులు_పల్నాడు:
ఢిల్లీలో రైసినా కొండ మీది కేంద్ర సచివాలయ భవనాలు నార్త్ బ్లాక్, సౌత్ బ్లాక్‌లను 'యుగే యుగీన్ భారత్' పేరుతో జాతీయ మ్యూజియంగా మారుస్తున్నారు కదా. 950 గదులు, ఒక బేస్‌మెంట్, మూడు అంతస్తులు అని 2023లోనే ప్రకటించారు. 5 వేల ఏళ్ల చరిత్రను ఎనిమిది భాగాలుగా చూపిస్తారట. మూడు విషయాలు అడుగుతున్నాను. ఆఫీసుల కోసం కట్టిన భవనం మ్యూజియానికి సరిపోతుందా? మన ప్రాంతం నుంచి ఏం పెట్టాలి? పదో తరగతి పిల్లలను తీసుకెళ్తే వాళ్లకు ఏం అందాలి?

ఢిల్లీ_తెలుగు:
సరిపోతుంది. పారిస్‌లో లూవ్రు మ్యూజియం చూడండి. అందులో రిషెల్యూ భాగంలో ఫ్రాన్స్ ఆర్థిక శాఖ ఉండేది. దాన్ని ఖాళీ చేయించి 1993లో గ్యాలరీలుగా తెరిచారు. ఇక్కడ నార్త్ బ్లాక్‌లో ఉండేదీ ఆర్థిక శాఖే. 2024 డిసెంబర్‌లో ఫ్రాన్స్ మ్యూజియం సంస్థతో ఒప్పందం కూడా అయింది. హెర్బర్ట్ బేకర్ వైస్రాయ్ పాలన కోసం కట్టిన రాతి గోడల మధ్య మామూలు జనం టికెట్ కొనుక్కుని తిరగడం, నా దృష్టిలో అదే పెద్ద ప్రయోజనం. లోపల ఏం పెడతారన్నది తర్వాత సంగతి.

కృష్ణాతీరం:
తర్వాత సంగతి ఎలా అవుతుందండీ? నాది అమరావతి పక్క ఊరు. మా స్తూపం పాలరాయి శిల్పాలు లండన్‌లో ఉన్నాయి, చెన్నై ఎగ్మూర్‌లో ఉన్నాయి, కోల్‌కతాలోనూ ఉన్నాయి. మా ఊళ్లో మిగిలింది మట్టిదిబ్బ, కొన్ని రాళ్లు. ఇప్పుడు కొత్త మ్యూజియం పేరు చెప్పి ఉన్న కాసిన్ని కూడా ఢిల్లీ పట్టుకుపోతే ఊరుకోం.

పాతరాయి:
ముందు ఒకటి సరిచేయాలి. అది పాలరాయి కాదు, పల్నాడు సున్నపురాయి. బ్రిటిష్ వాళ్లు 'అమరావతి మార్బుల్స్' అని పిలిచారని మనమూ అదే పట్టుకుని తిరుగుతున్నాం. నేను చాలా ఏళ్లు రాతి శిల్పాల సంరక్షణలో పనిచేశాను. ఈ రాయి లోపలికి ఉప్పు చేరితే పొరలుగా ఊడిపోతుంది, గోడకు సిమెంటుతో అంటిస్తే మరీ ప్రమాదం. దీన్ని ఎక్కడ పెట్టాలన్న మాట ఎత్తే ముందు తేమ ఎంత, గోడ ఏమిటి, బరువు మోసే దిమ్మ ఏమిటి అని అడగాలి. ఈ చర్చలో ఆ ప్రశ్న ఒక్కరూ వేయలేదు.

కృష్ణాతీరం:
రాయి పేరు మీరు నాకు నేర్పక్కర్లేదు సార్. మా తాతల కాలం నుంచీ ఆ రాళ్ల మధ్య పెరిగిన వాళ్లం. ఎవరి సొత్తు ఎక్కడుండాలని నేను అడుగుతుంటే మీరు తేమ గురించి చెబుతున్నారు.

పాతరాయి:
సొత్తు అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి గారి కొత్త ఊరి కట్టడాలకు ఆ రాళ్లు వెళ్తున్నాయి. కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు. ఇది రికార్డుల్లో ఉన్నదే.

కృష్ణాతీరం:
ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. 'మీవాళ్లే పాడు చేశారు, మేం కాపాడాం' అని లండన్ వాళ్లు చెప్పేది అచ్చంగా ఇదే. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపించాడు. ఆ తర్వాత ఓడెక్కించారు. ఊరివాళ్లను ఎవరైనా అడిగారా? 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడూ ఎగ్మూర్ నుంచి ఒక్క పలకా తిరిగి రాలేదు.

లండన్_బెజవాడ:
బ్రిటిష్ మ్యూజియంలో ఆ గది చూశాను. ఒక్కో పలక ముందు నిలబడితే కదలబుద్ధి కాదు. కానీ 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం తమ వస్తువులను ఎవరికీ శాశ్వతంగా ఇవ్వడం వాళ్ల చేతుల్లో దాదాపు లేదు. అరువు మీద మాత్రం పంపవచ్చు. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు వెళ్లి తిరిగి రాలేదా? కొత్త జాతీయ మ్యూజియం ఆ పని చేయాలి. లండన్, చెన్నై, అమరావతి ముక్కలను ఒక్కసారైనా ఒకే గదిలో నిలబెట్టాలి.

కృష్ణాతీరం:
ఆ గది అమరావతిలో ఎందుకు ఉండకూడదు? నాగార్జునకొండనే తీసుకోండి. సాగర్ నీళ్లు వచ్చే ముందు లోయంతా తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీద మళ్లీ నిలబెట్టి, అక్కడే మ్యూజియం పెట్టారు. అంత పని 1960లలో చేసిన దేశం ఇప్పుడు చేయలేదా?

ఢిల్లీ_తెలుగు:
చేయగలదు. కానీ నాగార్జునకొండ శిల్పాలు ఢిల్లీ జనపథ్‌లోని పాత జాతీయ మ్యూజియంలోనూ ఉన్నాయి. వాటిని చూసే ఒక పంజాబీ కుర్రాడికి నాగార్జునకొండను ఏలిన ఇక్ష్వాకుల పేరు మొదటిసారి తెలుస్తుంది. అంతా ఎక్కడిదక్కడే ఉంటే ఇక జాతీయ మ్యూజియం ఎందుకు?

కృష్ణాతీరం:
నకలు పెట్టుకోండి. పంజాబీ కుర్రాడికి నకలు చాలు, మాకు అసలు కావాలి.

ఢిల్లీ_తెలుగు:
నకలు చూడటానికి కుటుంబంతో రైలెక్కి ఎవరూ ఢిల్లీ రారు. మీ ఊరివాళ్లే మనుషులు, మిగతా దేశం కాదన్నట్టు మాట్లాడకండి.

వైరింగ్_సత్తి:
అన్నా, మీ ఇద్దరూ కాసేపు ఆగండి. నేను పాత ప్రభుత్వ భవనాల్లో కరెంటు పనులు చేస్తాను. అసలు భయం అక్కడుంది. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయింది. 2018 సెప్టెంబర్‌లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయింది, అక్కడ రెండు కోట్ల వస్తువులు ఉండేవి. జనపథ్ మ్యూజియంలో రెండు లక్షలకు పైగా వస్తువులున్నాయి. అవన్నీ వందేళ్ల నాటి ఆఫీసు గదుల్లోకి మారేముందు పాత వైర్లు మొత్తం పీకేయాలి. ఏసీ లోడు విడిగా లెక్కగట్టాలి. పైన సీలింగ్ వేసి, లోపల పాత లైను అలాగే వదిలేసిన భవనాలను నేను కళ్లారా చూశాను. నీళ్లు చల్లే వ్యవస్థ బొమ్మల మీద పనికిరాదని దాన్ని పెట్టకుండా వదిలేస్తారు. గ్యాసుతో మంట ఆర్పేవి ఉన్నాయి, వాటికి ఖర్చు పెట్టాలి.

పాతరాయి:
ఈయన చెప్పింది ఇప్పటిదాకా ఇక్కడ రాసిన వాటన్నిటికంటే ముఖ్యం.

అమ్మమ్మ_హైదరాబాద్:
నేను సాలార్‌జంగ్‌కు మనవళ్లతో వెళ్తుంటాను. గంట కొట్టేవేళకి గడియారం ముందు జనం చేరతారు. అందరికీ కూర్చునే చోటు ఉంది, చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, పిల్లలు కేరింతలు కొడతారు. రోజంతా చూసినవాటిలో వాళ్లకు గుర్తుండేది అదే. 950 గదులు అంటున్నారు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లం ఎలా తిరగాలి నాయనా? ప్రతి నాలుగు గదులకు ఒక బెంచీ, తాగడానికి నీళ్లు, దగ్గరలో బాత్రూమ్. ఇవి లేకుండా 5 వేల ఏళ్లు చూపించినా మేం రెండు గదుల దగ్గరే ఆగిపోతాం.

బడిపంతులు_పల్నాడు:
అమ్మా, మీరొక్కరే నా మూడో ప్రశ్న దగ్గరికి వచ్చారు. మా పిల్లలకు మొహెంజొదారో నాట్యకత్తె అంటే పుస్తకంలో సగం పేజీ బొమ్మ. అసలు విగ్రహం ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లే. దాన్ని పెద్ద హాలు మధ్య గాజుపెట్టెలో పెడితే వెనక వరసలో ఉన్న పిల్లకు ఏమీ కనపడదు. చిన్న గది, తక్కువ ఎత్తు దిమ్మ, ఒక్కసారికి పదిమందే లోపలికి. ఆఫీసు గదులు దీనికి బాగా పనికొస్తాయనిపిస్తోంది.

లండన్_బెజవాడ:
మాస్టారూ, తెలుగులో ఆడియో గైడ్ కూడా అడగండి. ఫోన్‌లో వినేది చాలు. ఒక పెద్ద మ్యూజియంలో మా అమ్మ లేబుళ్లు చదవలేక, నేను చెప్పేదాకా ప్రతి బొమ్మ ముందూ నిలబడిపోయింది.

కృష్ణాతీరం:
గైడ్ సంగతి సరే. అమరావతి పలకల గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. లండన్ నుంచి అరువు మీద వస్తే మొదటి ఆరు నెలలు అమరావతిలో, తర్వాతే ఢిల్లీలో. దీనికి ఒప్పుకునేవాళ్లు చెప్పండి.

పాతరాయి:
అమరావతిలో తేమ నియంత్రించే గది ముందు కట్టిస్తే నేను ఒప్పుకుంటాను.

కృష్ణాతీరం:
కట్టించమని అడిగేవాళ్లలో మీ పేరు కూడా రాయమంటారా?

పాతరాయి:
రాయండి. గది కొలతలు నేనిస్తాను.