కథ కంచికి చేరిందా, చేరలేదా?

బరంపురం నుంచి, చర్చ మొదలుపెట్టిన మాస్టారు:

మా బరంపురంలో ఆదివారం సాయంత్రాలు ఏడెనిమిది మందిమి ఒకరి ఇంట్లో చేరి, ఆ వారం చదివిన పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొనుక్కునే నవలల్లో ఇంగ్లీషు. ఇక్కడి తెలుగు పిల్లల చదువు ఈ మూడింటి మధ్య సాగుతుంది. మొన్న మాటంతా ఫాంటసీ సిరీస్‌ల మీదే నడిచింది. నాకు టోల్కీన్ ప్రాణం. మా ఎదురింటాయన రాబర్ట్ జోర్డాన్‌ను విడిచిపెట్టరు. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయికి జార్జ్ మార్టిన్ అంటే ఇష్టం. ఈ చర్చ ఆ అమ్మాయి అన్న ఒక మాట మీదే.

మార్టిన్ రాస్తున్న 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్'లో మొదటి పుస్తకం 1996లో వచ్చింది, అయిదోది 2011లో వచ్చింది. ఆరోదాని కోసం పాఠకులు ఎదురుచూస్తూనే ఉన్నారు. "ఇంకెక్కడి ఆరో పుస్తకం, ఆ కథ కంచికి చేరినట్టే" అంది అమ్మాయి. ఇక రాదని ఆమె భావం. ఎదురింటాయన వెంటనే, "చేరితే బాధ ఏముందమ్మా, కంచికి చేరలేదనే కదా మన బాధ" అన్నారు. కథ పూర్తికాలేదని ఆయన భావం. ఇద్దరిదీ ఒకటే దిగులు, ఇద్దరూ వాడినది ఒకటే పలుకుబడి. ఒకరేమో చేరిందన్నారు, ఒకరేమో చేరలేదన్నారు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి, ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేకపోయాను. మీరు ఏమంటారు?

పర్లాకిమిడి నుంచి:

మాస్టారూ, ఇద్దరూ సరిగ్గానే అన్నారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ వాక్యంలో సగం జారిపోయింది. మన పెద్దవాళ్ళు "కథ కంచికి, మనం ఇంటికి" అని పూర్తిగా చెప్పేవారు. రెండు సగాలూ ఉన్నప్పుడు అందులో విచారం లేదు. కథ దాని చోటికి అది వెళ్ళింది, మనం మన చోటికి వచ్చాం, ఇక పడుకోండి అని అర్థం. పత్రికల శీర్షికల్లోకి వచ్చేసరికి రెండో సగం తెగిపోయింది. ఏదో వంతెన పని ఆగిపోతే "కథ కంచికే" అని రాస్తారు. ఇంటికి రావడం పోయింది, వెళ్ళిపోవడం ఒక్కటే మిగిలింది. అందుకే మంచి ముగింపుకు వాడిన మాట పనులు మూలపడటానికి గుర్తయింది. అమ్మాయి సగం మాట వాడింది, ఎదురింటాయన నిండు మాట వాడారు.

ఇక ఆ ఊరే ఎందుకు అంటే, నాకు తోచినంతవరకు ముందు చెవికే పెద్దపీట. కథ, కంచి అని 'క' మీద 'క' పడింది. కంచికి, ఇంటికి అని చివర అంత్యప్రాస కుదిరింది. పిల్లలకు చెప్పే మాట నాలుక మీద ఆడాలి కదా. దూరంగా ఉన్న పుణ్యక్షేత్రం కావడం కూడా కలిసివచ్చింది. అయోధ్య, మథుర, మాయ, కాశి, కంచి, అవంతిక, ద్వారావతి అని చదివే మోక్షపురాలు ఏడింటిలో దక్షిణాన ఉన్నది కంచి ఒక్కటే. కథకు కూడా మోక్షం ఉండాలని ఎవరో అనుకుని ఉంటే అది నాకు చాలా అందమైన ఊహ.

బరంపురం మాస్టారు:

రెండో సగం జారిపోయిందన్న మీ మాట చదివి చాలాసేపు కదలలేదండీ. నాకు వెంటనే టోల్కీన్ గుర్తుకు వచ్చాడు. 1937లో వచ్చిన 'ది హాబిట్'కు ఆయన పెట్టిన ఉపశీర్షికే వెళ్ళడం, తిరిగి రావడం గురించి. ఇక 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ఆఖరి పేజీ చూడండి. ఉంగరాన్ని మోసి, లోకాన్ని కాపాడి, ఒళ్ళంతా గాయపడిన ఫ్రోడో ఓడ ఎక్కి సముద్రం దాటి వెళ్ళిపోతాడు. అతడు ఇక రాడు. అతనితో అంతదూరం నడిచిన శామ్ మాత్రం రేవు నుంచి వెనుదిరిగి తన ఊరికి వస్తాడు. ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉంటుంది, భోజనం సిద్ధంగా ఉంటుంది, భార్య చంటిదాన్ని అతని ఒడిలో పెడుతుంది. తిరిగి వచ్చేశానని శామ్ అనడంతో ఆ పెద్ద కథ పూర్తవుతుంది.

కథ కంచికి, మనం ఇంటికి. ఫ్రోడో కథ, శామ్ మనం. నలభై ఏళ్ళుగా ఆ పేజీ దగ్గర నాకు కళ్ళు తడుస్తాయి. ఎందుకో ఇవాళ తెలిసింది. మా నాయనమ్మ రోజూ చెప్పిన వాక్యమే అది.

జయపురం నుంచి:

మేము చిన్నప్పుడు కంచి కంటే ముందు నేర్చుకున్న మాట "ఇంకా ఉంది". చందమామ సీరియల్ కింద ఉండే ఆ రెండు మాటలు చూసి నెలంతా ఎదురుచూసేవాళ్ళం. దాసరి సుబ్రహ్మణ్యం గారి 'తోకచుక్క' 1954లో మొదలైంది. టోల్కీన్ ఉంగరం కథలో మొదటి భాగం అచ్చయిందీ ఆ ఏడాదే. ఆ తరువాత 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', చివరికి 'భల్లూక మాంత్రికుడు'. మొత్తం పన్నెండు. ఫాంటసీ సిరీస్‌లు, రచయితలు అనే మాట వచ్చినప్పుడు ఈయన పేరు మొదటి వరుసలో ఉండాలని నేను గట్టిగా అంటాను. ఒక కోటలోకి అడుగుపెట్టే క్షణాన్ని నెల రోజులు మన గుండెలో నిలబెట్టడం చిన్న విద్య కాదు. పైగా పన్నెండింటినీ ఆయన పూర్తిచేశారు. ఒక్కటీ దారిలో వదలలేదు.

మా ఇంట్లో చందమామ, పక్కింట్లో దాని ఒడియా రూపం జహ్నమామూ. బొమ్మలు అవే, కథ అదే. ముందు ఏ ఇంటికి వస్తే ఆ ఇంట్లో చేరేవాళ్ళం. పక్కింటి పిల్లవాడు ఒడియాలో చదువుతుంటే నేను బొమ్మ చూస్తూ తెలుగులో చెప్పేవాణ్ణి.

రాయగడ నుంచి, ఇద్దరు పిల్లల తల్లి:

ఒడియా మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, ఒడియాలో కథ ఎలా ముగుస్తుందో మీలో ఎంతమంది పిల్లలకు చెబుతున్నారు? "మో కథాటి సరిలా, ఫుల గఛటి మలా." నా కథ అయిపోయింది, పూలమొక్క చచ్చిపోయింది అని. పెళ్ళై వచ్చిన కొత్తలో విన్నప్పుడు దిగులు వేసింది. మనం కథను యాత్రకు పంపుతాం, వీళ్ళు మొక్కను చంపేస్తారేమిటి అనుకున్నాను. కానీ ముగింపు అక్కడితో ఆగదు.

పూలమొక్కా, ఎందుకు చచ్చిపోయావు? నల్లావు తినేసింది. నల్లావూ, ఎందుకు తిన్నావు? గొల్లవాడు కాయలేదు. గొల్లవాడా, ఎందుకు కాయలేదు? పెద్దకోడలు అన్నం పెట్టలేదు. పెద్దకోడలా, ఎందుకు పెట్టలేదు? నా బిడ్డ ఏడ్చాడు. బిడ్డా, ఎందుకు ఏడ్చావు? చీమ కుట్టింది. చీమా, ఎందుకు కుట్టావు? నేను మట్టి కింద తిరుగుతుంటాను, లేత మాంసం దొరికితే కుట్టేస్తాను.

మీకు ఏమైనా గుర్తుకు వస్తున్నదా?

పర్లాకిమిడి నుంచి:

అమ్మా, ఏడు చేపల కథ! గడ్డిమేటు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లవాడు, చీమ. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?"

రాయగడ నుంచి:

అవునండీ. వరుస దాదాపు అదే. ఆవు మేత, కాపరి ఆకలి, అన్నం పెట్టని ఇల్లాలు, పిల్లవాడి ఏడుపు, చివరికి చీమ. మనకు చేప ఎండలేదన్న దగ్గర మొదలై అదే ఒక కథ అయింది. వాళ్ళకు ఏ కథ చెప్పినా దాని చివర ఈ గొలుసు తగులుకుంటుంది. అంటే ఒడియాలో కథ అయిపోయిందని చెప్పడమే ఇంకో కథకు మొదలు. మా చిన్నవాడు ఒడియా కథ విన్నప్పుడు అసలు కథ కంటే ఈ తోక కోసమే కాచుకుని ఉంటాడు. ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చాలన్న పట్టుదల నాకు లేదు. ఈ కొండల మీద ఆవులూ కాపరులూ చీమలూ అందరివీ.

బరంపురం మాస్టారు:

మీరు చెప్పిన గొలుసు ఎదురింటాయనకు చదివి వినిపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' ప్రతి సంపుటంలోనూ తొలి అధ్యాయం గాలి వీచడంతో మొదలవుతుందట. అది ఆరంభం కాదని, కాలచక్రానికి ఆరంభాలూ అంతాలూ లేవని, ఇది మాత్రం ఒక ఆరంభమని ప్రతిసారీ చెబుతాడట. పూలమొక్క చచ్చిన చోట ఆవు కథ మొదలైనట్టే కదా అన్నారు.

ఆ సిరీస్ చరిత్ర కూడా ఈ చర్చకు కావలసిందే. 1990లో మొదలైంది. 2007లో జోర్డాన్ చనిపోయారు, కథ మిగిలిపోయింది. ఆయన వదిలి వెళ్ళిన రాతప్రతులు, సూచనల ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయిత దాన్ని పూర్తిచేశాడు. పద్నాలుగో సంపుటం 2013 జనవరిలో వచ్చింది. ఇంకొకరి చేతితో చేరితే కంచికి చేరినట్టేనా అని అమ్మాయి అడిగింది. నేను ఒక్క మాటే అన్నాను: తెలుగువాళ్ళు అడగవలసిన ప్రశ్న కాదమ్మా ఇది. నన్నయ గారు అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తిక్కన గారు విరాటపర్వం నుంచి అందుకున్నారు. మిగిలిపోయిన అరణ్యపర్వ భాగాన్ని ఎర్రన గారు పూరించి, తన పేరు ముందు పెట్టుకోకుండా, నన్నయ గారే రాసినట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితం చేశారు. మన భారతం ముగ్గురి భుజాల మీద కంచికి చేరింది. శాండర్సన్ చేసినది ఎంత బరువైన పనో తెలుసుకోవడానికి మన దగ్గర కొలత ఉంది.

సిరొంచ నుంచి:

మహారాష్ట్ర వైపు నుంచి ఒక మాట. మాది గడ్చిరోలి జిల్లా, గోదావరి దాటితే తెలంగాణ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మరాఠీ వ్రతకథల చివర "సాఠా ఉత్తరాంచీ కహాణీ, పాచా ఉత్తరీ సుఫళ సంపూర్ణ" అంటారు. అరవై మాటల కథ అయిదు మాటల్లో ఫలించి పూర్తయింది అని. ఇందులో ప్రయాణమూ లేదు, చావూ లేదు. పెద్ద కథను చిన్నదిగా చెప్పి ఫలం దక్కించానన్న తృప్తి ఉంది. పద్నాలుగు సంపుటాల కథను ఎవరికైనా అయిదు మాటల్లో చెప్పి, వాళ్ళ చేత మొదటి పుస్తకం పట్టించినప్పుడు నాకు ఈ వాక్యమే గుర్తుకు వస్తుంది. తమిళంలో అయితే కథ అయిపోయింది, వంకాయ కాసింది అంటారు. కంచి వాళ్ళ ఊరే కాబట్టి వాళ్ళకు కథను అక్కడికి పంపవలసిన అవసరం లేకపోయింది.

బరంపురం నుంచి, డిగ్రీ అమ్మాయి:

మాస్టారూ, నా మాటతో ఇంత దూరం వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. మా కాలేజీలో ఒడియా స్నేహితురాలికి "కథ కంచికి" అని చెబితే, "యుద్ధానికా?" అని అడిగింది. ఆమెకు కంచి అంటే కాంచీ కావేరి కథ. ఒడిశాను ఏలిన గజపతి రాజు పురుషోత్తమ దేవుడు పూరీ జగన్నాథుడి రథం ముందు చీపురు పట్టి ఊడుస్తాడని కంచి రాజు అతనికి పిల్లనివ్వనంటాడు. గజపతి దండెత్తి ఓడిపోతాడు. రెండోసారి జగన్నాథుడూ బలభద్రుడూ నల్ల గుర్రం, తెల్ల గుర్రం ఎక్కి ముందు వెళ్తారు. దారిలో మాణిక అనే గొల్ల స్త్రీ దగ్గర పెరుగు తాగి, డబ్బులు లేక ఉంగరం ఇచ్చి, వెనక వచ్చే రాజు చెల్లిస్తాడని చెబుతారు. గెలిచాక రాకుమారి పద్మావతిని ఊడ్చేవాడికే ఇచ్చి పెళ్ళి చేయమని రాజు మంత్రికి ఆజ్ఞాపిస్తాడు. మంత్రి ఆమెను దాచి ఉంచి, రథయాత్ర రోజున చీపురు పట్టిన రాజు చేతికే అప్పగిస్తాడు. నాకు ఇష్టమైన సిరీస్‌లలో పగ ఉంది, పంతం ఉంది, కానీ ఇంత తెలివైన మంత్రి లేడు. వీళ్ళ కథ నిజంగానే కంచికి వెళ్ళి, పూరీలో ఇంటికి వచ్చింది.

ఎదురింటి మామయ్య మాట కూడా ఒప్పుకుంటున్నాను. మార్టిన్ గురించి ఇకమీద "కథ ఇంకా కంచి దారిలోనే ఉంది" అంటాను. కానీ చేరింది అన్న తరువాత కూడా తిరిగి వచ్చే కథలు ఉన్నాయి. అర్సులా లె గ్విన్ 'ఎర్త్‌సీ' నాలుగో పుస్తకాన్ని 1990లో ఆఖరి పుస్తకం అని చెప్పే ఉపశీర్షికతో తెచ్చారు. 2001లో అదే లోకంలో మరో రెండు పుస్తకాలు వచ్చాయి. దానికి తెలుగులో ఏమనాలి?

జయపురం నుంచి:

"ఇంకా ఉంది" అనాలి తల్లీ.

పర్లాకిమిడి నుంచి:

ఒక విన్నపం. మాది గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. ఇక్కడ ఉంటూనే ఆయన సవర భాష నేర్చుకుని దానికి వాచకాలూ నిఘంటువూ సిద్ధం చేశారు. తెలుగు, ఒడియా, మరాఠీ, తమిళం అన్నీ చెప్పుకున్నాం. మన గుణుపురం, సెరంగో వైపు సవర ఇళ్ళల్లో అమ్మమ్మలు కథ అయిపోయాక పిల్లలతో ఏమంటారు? ఆ వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే అడిగి, వాళ్ళు అన్న మాటను అన్నట్టుగానే ఇక్కడ రాయండి.