ల్యాండ్‌లైన్ తీసేయమంటున్నాడు మావాడు. హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లు చెప్పండి

ఎంవీపీ మాస్టారు: మాది రాగి తీగ మీద వచ్చే పాత ల్యాండ్‌లైన్. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి అది తీసేసి ఫైబర్ పెట్టిస్తానంటున్నాడు. నాకు ఇష్టం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా విశాఖను కొట్టినప్పుడు సెల్‌ఫోన్లన్నీ మూగబోయాయి, మా ల్యాండ్‌లైన్ మోగింది. దానికి కావలసిన 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజి నుంచి ఆ తీగలోనే వస్తుంది. ఫైబర్‌కి ఇంట్లో పెట్టే బాక్సు, ఇంట్లో కరెంటు పోతే ఆగిపోతుంది.

గాజువాక ఫిట్టర్: మీ వీధిలో తీగ భూమిలోంచి వచ్చిందేమో. మాకు స్తంభం మీంచి, చెట్టు పడి స్తంభంతో సహా పోయింది. నలభై రోజులు ఫిర్యాదులు ఇచ్చాను, ఎవరూ రాలేదు, బిల్లు మాత్రం వచ్చింది. అయినా ఎక్స్ఛేంజిలో ఉండేవీ బ్యాటరీలే కదా, అవి అయిపోయి జనరేటర్‌కి డీజిల్ దొరక్కపోతే?

భీమిలి గాలి: మా ఇంట్లో పనిచేసింది ట్రాన్సిస్టర్ ఒక్కటే.

ఎంవీపీ మాస్టారు: డీజిల్ సంగతి నాకెందుకు, మాది మోగింది. రెండో రోజు సాయంత్రం చేసింది ఈ అబ్బాయే. వాళ్లమ్మ ఆ ఫోన్ పట్టుకుని ఏడ్చింది.

గాజువాక ఫిట్టర్: మీ ఒక్క ఇంట్లో మోగితే ఊరంతా మోగినట్టా? మాస్టారూ, మీకు ఇంట్లో ఫోన్ ఉండేది కాబట్టి అలా అంటున్నారు. మా నాన్న దుబాయ్‌లో వెల్డర్. వీధి చివర ఎస్టీడీ బూత్‌కి నాన్న చేస్తే బూత్ ఆయన మనిషిని పంపేవాడు, అమ్మ చేతిలో పని వదిలేసి పరిగెత్తేది, ఒక్కోసారి వెళ్లేసరికి లైన్ కట్. 2003లో సెల్‌కి ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాకే మా ఇంట్లో నాన్న గొంతు వినపడింది. సెల్ మీద ఒక్క మాట అన్నా నేను ఊరుకోలేను.

సీతమ్మధార: ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

ఎంవీపీ మాస్టారు: సెల్‌ని నేనేమీ అనలేదు బాబూ. మా ఆవిడకి చూపు బాగా తగ్గింది. ల్యాండ్‌లైన్ మీద 5 అంకె దగ్గర చిన్న బొడిపె ఉంటుంది, అది వేలికి తగిలితే మిగతావన్నీ ఎక్కడున్నాయో తెలిసిపోతాయి, ఎవరినీ అడగకుండా వాళ్ల చెల్లెలికి చేసుకుంటుంది. ఆ టచ్‌ఫోన్ అద్దం మీద ఏం తడుముకుంటుంది? మావాడు తీసేద్దామా అని అడగలేదు, తీసేస్తున్నా అని చెప్పాడు. నా బాధ అది.

గాజువాక ఫిట్టర్: ఈ మాట ముందే చెప్పాల్సింది మాస్టారూ. ఫైబర్ బాక్సుకి చాలావాటిలో ఫోన్ పోర్టు ఉంటుంది, అమ్మగారి ఫోనే దానికి పెట్టుకోవచ్చు. పక్కన చిన్న యూపీఎస్ పెట్టించండి, కరెంటు పోయినా కొన్ని గంటలు లాగుతుంది. ముందు పాత నంబరు ఉంచుతారో లేదో కనుక్కోండి.

ఎంవీపీ మాస్టారు: పోర్టు సంగతి మావాడు చెప్పనే లేదు. ఆదివారం ఫోన్ చేస్తాడు, వాళ్లమ్మ చేతే అడిగిస్తాను. తుపాను విషయం మాత్రం ఒప్పుకోను. మాది మోగింది.