కిల్ -9 కొట్టినా పోని ప్రాసెస్: రీబూట్ తప్ప దారి లేదా?

రాత్రిడ్యూటీ:
బ్యాకప్‌లోని ఆర్‌సింక్ (ఫైళ్ళు కాపీ చేసే ప్రోగ్రామ్) ఒకటి మధ్యాహ్నం నుంచి కదలట్లేదు. మామూలు కిల్ అయింది, బలవంతంగా చంపే కిల్ -9 అయింది, ఉలుకూ పలుకూ లేదు. సీపీయూ దాదాపు ఖాళీ, లోడ్ యావరేజ్ (పనిలోనో ఎదురుచూపులోనో ఉన్న ప్రాసెస్‌ల సగటు) మాత్రం 14. డిస్క్‌లో ఖాళీ ఎంతో చూపే డీఎఫ్ కొడితే ఆ టెర్మినల్ కూడా బిగుసుకుపోయింది. ఇదే మెషీన్ మీద డేటాబేస్ ఉంది, రీబూట్ అంటే టెన్షన్.

పాతకాపు:
రీబూట్ మాట పక్కన పెట్టండి. ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్‌లో స్టాట్ (స్థితి) కాలమ్ చూడండి. జెడ్ అయితే అది ఎప్పుడో చచ్చింది, పేరెంట్ ప్రాసెస్ సంగతి చూడాలి. టీ అయితే ఎవరో ఆపి పెట్టారు, సిగ్‌కాంట్ (కొనసాగమనే సిగ్నల్) ఇస్తే కదులుతుంది. మీది డీ, అంటే డిస్క్ లాంటి దాని జవాబు కోసం ఆగి సిగ్నల్స్‌కి కదలని స్థితి, అయ్యుంటుందని నా అనుమానం. డీలో ఉన్నవి సీపీయూ వాడకపోయినా లైనక్స్ వాటిని లోడ్‌లో కలుపుతుంది, అందుకే ఆ 14. డీఎఫ్ కూడా ఆగిందంటే ఏదో మౌంట్ (సిస్టమ్‌కి తగిలించిన స్టోరేజ్) పలకట్లేదు. రూట్‌గా ఆ పిడ్ (ప్రాసెస్ నంబర్) తాలూకు ప్రాక్ డైరెక్టరీలో స్టాక్ ఫైల్ చదవండి, కెర్నెల్‌లో ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కెర్నెల్ మెసేజ్‌లు చూపే డీమెసెజ్ కూడా.

రాత్రిడ్యూటీ:
డీనే. స్టాక్‌లో పేజ్ రైట్‌బ్యాక్ (మెమరీలోని డేటాని స్టోరేజ్‌కి రాయడం) కోసం వెయిటింగ్, కింద అన్నీ ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీది ఫైల్ సిస్టమ్) పేర్లే. డీమెసెజ్‌లో 'సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్'. విచిత్రం ఏంటంటే, డీఎఫ్ -9కి పోయింది, ఆర్‌సింక్ పోలేదు!

పాతకాపు:
విచిత్రం ఏం లేదు. 2.6.25 కెర్నెల్ నుంచి కిల్లబుల్ అనే స్టేట్ వచ్చింది, ఎన్ఎఫ్ఎస్ జవాబు కోసం ఆగినవి చాలావరకు -9కి లొంగుతాయి. పేజ్ రైట్‌బ్యాక్ కోసం ఆగడం ఆ కోవలోది కాదు. మీ -9 వృథా కాలేదు, పెండింగ్‌లో ఉంది. ఆ వెయిటింగ్ తీరగానే తగులుతుంది. కాబట్టి ప్రాసెస్‌ని వదిలేసి స్టోరేజ్ వైపు వెళ్ళండి: పింగ్ వస్తోందా, ఎన్ఎఫ్ఎస్ వాడే 2049 పోర్ట్ తెరిచి ఉందా?

కొత్తచిగురు:
లేజీ అన్‌మౌంట్ చేస్తే అయిపోదా? లేదా మౌంట్‌ని సాఫ్ట్‌గా మార్చేస్తే?

పాతకాపు:
లేజీ ఇస్తే మౌంట్ కంటికి కనపడదు, అంతే. ఇరుక్కున్నది ఇరుక్కునే ఉంటుంది. సాఫ్ట్ అయితే టైమవుట్ అవగానే ప్రోగ్రామ్‌కి ఎర్రర్ వెళ్తుంది. దాన్ని సరిగ్గా పట్టించుకోని ప్రోగ్రామ్ అయితే రాయాల్సిన డేటా గోవిందా. బ్యాకప్ మీద ఆ ప్రయోగం నేనైతే చెయ్యను. ఇంకోటి, ఈ స్థితిలో రీబూట్ కొట్టినా అన్‌మౌంట్ దగ్గరే వేలాడొచ్చు.

రాత్రిడ్యూటీ:
దొరికింది. పింగ్ వస్తోంది, 2049 మూసి ఉంది. స్టోరేజ్ వైపు ఫైర్‌వాల్ రూల్ ఎవరో మార్చారట. తెరవగానే ఆర్‌సింక్ దానంతట అదే పోయింది, లోడ్ మెల్లగా దిగుతోంది. డేటాబేస్‌ని ముట్టుకోలేదు.

పాతకాపు:
ఆర్‌సింక్ మధ్యలో చచ్చింది కాబట్టి, డెస్టినేషన్‌లో చుక్కతో మొదలయ్యే సగం ఫైల్ ఏదైనా మిగిలిందేమో చూసి, మళ్ళీ మొదటి నుంచి నడపండి.