ధనిక దేశాలు శరణార్థుల్ని చేర్చుకోవాలన్నది శ్రీసభ (కతోలిక చర్చి) బోధనేనా, ఫాదర్‌గారి సొంత అభిప్రాయమా?

మెట్టుగూడ_77:
అందరికీ వందనాలు. ఆదివారం పూజలో ఫాదర్‌గారు వలసవచ్చినవాళ్ల గురించి ప్రసంగం చెప్పారు. బాగా ఉన్న దేశాలు వాళ్లని చేర్చుకోవాలి, అది దయ కాదు, బాధ్యత అన్నారు. సాయంత్రం వీడియో కాల్‌లో ఈ మాట చెబితే డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి కోపం వచ్చింది. వాడు లోను తీసుకుని చదివాడు, లాటరీలో మూడోసారికి హెచ్‌-వన్‌బీ తగిలింది, గ్రీన్‌కార్డు ఎప్పటికి వస్తుందో తెలియదు, ఇన్నేళ్లుగా ఒకటే టెన్షన్. "మేం లైన్లో నిలబడి వచ్చాం అక్కా, గోడ దూకి వచ్చేవాళ్లకి ముందు పెట్టమంటే ఎట్లా?" అంటాడు. వాడి బాధ నాకు తెలుసు, కానీ ఏం చెప్పాలో తోచలేదు. ఇది ఎక్కడైనా రాసి ఉందా?

సత్యోపదేశం_టీచర్:
ఉందమ్మా. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలో, అంటే శ్రీసభ బోధలన్నీ ఉన్న అధికారిక పుస్తకంలో, 2241వ పేరా తీయండి. సొంత దేశంలో భద్రత, బతుకుతెరువు దొరకని పరదేశిని సంపన్న దేశాలు తమ శక్తి మేరకు చేర్చుకోవడానికి బద్ధులు అన్నది దాని సారం. అదే పేరాలో, ప్రభుత్వాలు ఉమ్మడి మేలు కోసం షరతులు పెట్టుకోవచ్చని, వచ్చినవాళ్లు అక్కడి చట్టాలు పాటించాలని కూడా ఉంది. అంటే మీ తమ్ముడి మాటను శ్రీసభ కొట్టిపారేయలేదు. కానీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయేవాడికి వీసా లైన్ ఎక్కడుంటుంది చెప్పండి?

పేదల విషయంలో 1967లో ఆరవ పౌలు పోపుగారు రాసిన విశ్వలేఖ (పోపుగారు అందరికీ రాసే బోధనా లేఖ) ఇంకా గట్టిగా ఉంటుంది. నాలుగో శతాబ్దపు పునీత ఆంబ్రోసుగారి మాట అందులో తీసుకున్నారు: పేదవాడికి నువ్విచ్చేది నీ సొమ్ము కాదు, వాడిది వాడికే తిరిగి ఇస్తున్నావు అని. ధనిక దేశాల దగ్గర మిగిలింది పేద దేశాలకు అక్కరకు రావాలని కూడా అందులోనే ఉంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు సత్యోపదేశం చెబుతున్నాను, ఈ భాగం దగ్గర ఇబ్బంది పడేది పిల్లలు కాదు, పెద్దవాళ్లే.

బోరబండ_అన్న:
నాకైతే మనసు ఒప్పుకోవడం లేదు. మా బస్తీలో గట్టి వాన పడితే ఇళ్లలోకి నీళ్లు వస్తాయి. ముందు మనవాళ్ల కడుపు నిండాలి కదా? అయినా అది అమెరికాకి, యూరప్‌కి చెప్పిన మాట, మనదేమన్నా ధనిక దేశమా?

నైట్‌డ్యూటీ_నర్సు:
అన్నా, మీ బస్తీ కష్టం నిజం, అది పక్కన పెట్టమని నేను అనను. ఒక్కసారి బాలాపూర్ వైపు రండి. అక్కడ బర్మా నుంచి పారిపోయి వచ్చిన ముస్లింలు, రోహింగ్యాలు, వేల మంది ఉన్నారు. బర్మాలో 1982 చట్టంతో వాళ్లకి పౌరసత్వం లేకుండా పోయింది. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డు ఉన్నా ఇక్కడ భరోసా తక్కువే. కూలికి పోతారు, చెత్త ఏరుకుంటారు. నేను సెలవు రోజున మందులు తీసుకుని వెళ్తుంటాను. ఒక తల్లి బిడ్డ టీకాల కార్డును ఖాళీ పాల ప్యాకెట్‌లో చుట్టి దూలం సందులో దోపి దాచుకుంది, ఎందుకంటే ఆ బిడ్డ పేరు రాసి ఉన్న కాగితం ఆ ఇంట్లో అదొక్కటే.

పౌరసత్వం పోయినంత మాత్రాన శరణార్థికి మనిషిగా ఉన్న హక్కులు పోవని ఇరవై మూడో జాన్ పోపుగారు 1963లోనే రాశారు. 2017 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపుగారు ఢాకాలో రోహింగ్యాల్ని కలిసి, దేవుని సన్నిధికి ఈరోజు రోహింగ్యా అని కూడా పేరు ఉందన్నారు. అంతకుముందు ఏడాది గ్రీసులోని లెస్బోస్ దీవి నుంచి తన విమానంలో 12 మంది సిరియావాళ్లని రోముకి తీసుకెళ్లారు, అందరూ ముస్లింలే. "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి" అని యేసు ప్రభువు చెప్పిన వాక్యంలో ఏ మతం వాడని లేదు కదన్నా.

బోరబండ_అన్న:
మా నాయన పాలమూరు నుంచి కూలికి వచ్చినప్పుడు నాలుగేళ్లు రేషన్ కార్డు లేదు, ఆ కాగితం విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు. గవర్నమెంటు ముందు బస్తీలకే చేయాలని ఇప్పటికీ అంటాను. మా ఇంట్లో నాలుగు దుప్పట్లు ఉన్నాయి చెల్లీ, మీరు వెళ్లేది ఏ రోజు?

మెట్టుగూడ_77:
టీచర్‌గారు, 2241 ఫొటో తీసి తమ్ముడికి పంపాను. "శక్తి మేరకు" కింద గీత గీసి తిరిగి పంపాడు. నేను "బద్ధులు" కింద గీసి పంపాను. ఆదివారం మళ్లీ మాట్లాడదాం అన్నాడు.