మడమలో ముల్లు కనిపిస్తే సూది వేయించుకోవాల్సిందేనా?

కాశీబుగ్గ చెల్లెలు:
మా అక్క బట్టల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా టైల్స్ మీద చెప్పులు లేకుండా నిలబడాలి. నాలుగు నెలలుగా కుడి మడమ నొప్పి. మంచం దిగగానే గోడ పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తుంది, పది అడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది. ఎక్స్‌రే చూసి మడమ ఎముకకు ముల్లు పెరిగిందన్నారు. సూది వేయించమని ఒకరు, ఆపరేషన్ చేయించమని మరొకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

నెల్లిమర్ల వాసి:
సూది వేయించండి. కాలిలో తుమ్మముల్లు దిగితే వ్యాయామాలు చేస్తూ కూర్చుంటామా? నాకు సూది పడిన మూడో రోజుకే నొప్పి పోయింది. రోజు కూలి మీద బతికేవాళ్లు నెలల తరబడి ఎదురుచూడలేరు. ఇటుక వేడిచేసి జిల్లేడాకు పరిచి మడమ ఆనించినా హాయిగానే ఉంటుంది.

ఫిజియోథెరపిస్టు, విజయనగరం:
తుమ్మముల్లు బయటి నుంచి దిగుతుందండీ. ఇది ఎముకే కొద్దిగా సాగిన కొస. ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ కనిపిస్తుంది, నొప్పితో అల్లాడేవాళ్లు చాలామందిలో కనిపించదు. ముల్లు అన్న పేరు విని ఎంతమంది హడలిపోతున్నారో రోజూ చూస్తున్నాను.

అసలు నొప్పి పుట్టేది అరికాలి కింది దళసరి పట్టీలో, అది మడమ ఎముకను అంటుకున్న చోట. పాదం వంపును వింటినారిలా పట్టి ఉంచేది ఆ పట్టీయే. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడినా, ఒళ్లు బరువెక్కినా, పిక్క బిగుసుకున్నా భారమంతా దాని మీదే పడుతుంది. వైద్యులు ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు. ఆ పేరుకు అర్థం పట్టీ వాచిందని. కానీ 2003లో లెమాంట్ అనే పాదవైద్యుడి బృందం ఆపరేషన్లలో తీసిన 50 నమూనాలను పరిశీలిస్తే కనిపించింది వాపు కాదు, పట్టీ శిథిలం కావడం.

స్టెరాయిడ్ సూది ఇచ్చే ఉపశమనం ఎక్కువగా మొదటి నెలలోనే. పదే పదే వేయిస్తే పట్టీ తెగవచ్చు, మడమ కింది కొవ్వు మెత్త పలచబడవచ్చు. అడుగు కూడా వేయలేని స్థితిలో వైద్యుడు చెబితే ఒకసారి ఆలోచించండి.

మీ అక్కగారిని రేపు మంచం దిగకముందే ఇలా చేయమనండి. కుడికాలిని ఎడమ మోకాలి మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో ముంగాలి వైపు వెనక్కి లాగాలి. రెండో చేతి బొటనవేలితో అరికాలిని తడిమితే పట్టీ తీగలా బిగిసినట్టు తెలుస్తుంది. పది లెక్కపెట్టి వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా. నొప్పి కొంత తగ్గాక మెట్టు మీద వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మడమను మెల్లగా లేపి మెల్లగా దించాలి, రోజు విడిచి రోజు. చాలామందికి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. కానీ తిమ్మిరి, వాపు, జ్వరం ఉన్నా, నొప్పి రాత్రి నిద్రలో లేపుతున్నా వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇటుక కాపడం హాయినిస్తుంది, కాదనను. మధుమేహంతో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం దాని జోలికి వెళ్లకూడదు. కాలినా తెలియదు.

నెల్లిమర్ల వాసి:
దాచడమెందుకు, అయిదో నెలలో నాకు నొప్పి మళ్లీ వచ్చింది. అయినా ఆ అయిదు నెలలూ నా ఇల్లు గడిచింది. దాన్ని తక్కువ చేయకండి.

సోంపేట రైతు:
సూది గొడవ సరే, అందరూ ఒక మాట మరిచారు. అమ్మా, మీ అక్క నొప్పి మాత్రలు వాడుతోందా? మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉందా? ఆ మాత్రలు అదేపనిగా మింగితే కిడ్నీలకు చేటు. ముందు రక్తంలో క్రియాటినిన్ ఎంతుందో చూపించండి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో దాన్నిబట్టే తెలుస్తుంది.

కాశీబుగ్గ చెల్లెలు:
వాడుతోంది, రోజుకు రెండు. ఈ రాత్రి నుంచే మాన్పిస్తాను, రేపు పరీక్ష చేయిస్తాను. దుకాణం యజమానితోనూ మాట్లాడాలి. లోపల వేసుకోవడానికి మెత్తటి చెప్పుల జత ఒకటి ఉంచుకోనిస్తే చాలు.